చిన్న అంగడికి బిల్లింగ్ సిస్టమ్: మిషన్ కంటే ముందు సరుకు లెక్క

తమ్ముడూ, నువ్వు అడిగింది రెండుసార్లు చదివాను. తిరుచానూరులో కిరాణా, పూజ సామాను కలిపి అంగడి, రోజుకు 150 దాకా బిల్లులు, నెలకు సుమారు 3 లక్షల అమ్మకం, ఇప్పటిదాకా నోటు పుస్తకంలో లెక్క. ఒకాయన వచ్చి టచ్ స్క్రీన్ మిషన్, ప్రింటర్, సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపి 78,000 అంటున్నాడు, తీసుకోవచ్చా అని అడిగావు. తీసుకోవద్దు. అంటే ఎప్పటికీ వద్దని కాదు, ఇప్పుడు, ఈ పద్ధతిలో వద్దు. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మాది తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో అంగడి, మా మామయ్య పెట్టింది. 19 ఏళ్ళుగా కౌంటర్లో కూర్చునేది నేనే. 2017 జూలై 1న జీఎస్టీ వస్తోందంటే అందరితో పాటు మేమూ టెన్షన్ పడి, సరిగ్గా నీకు చెప్తున్నలాంటి మిషనే కొన్నాం. ఎవరి దగ్గర అనేది వద్దులే. వచ్చిన అబ్బాయి మిషన్ బిగించి, ఒక 40 ఐటమ్‌లు ఎక్కించి, బిల్లు ఎట్లా కొట్టాలో చూపించి వెళ్ళిపోయాడు. మా అంగట్లో సరుకులు 1,100 రకాలు. మిగతావి మేమే అమ్ముతూ అమ్ముతూ ఎక్కించుకున్నాం. బిల్లు మాత్రం చక్కగా వచ్చేది, చూసినవాళ్ళంతా బాగుందన్నారు, మాకూ సంతోషంగానే ఉండేది.

ఆర్నెల్ల తర్వాత ఒక రాత్రి షట్టర్ దించాక స్టాక్ రిపోర్ట్ తీశాను. చిన్న కొబ్బరి నూనె సీసాలు ఎదురుగా అలమారాలో 17 ఉన్నాయి, వేలు పెట్టి లెక్కపెట్టాను. స్క్రీన్ మీద మాత్రం మైనస్ 214 అని ఉంది. ఒక్క నూనె కాదు, కిందికి జరుపుకుంటూ పోతే సబ్బులు మైనస్, అగరబత్తి మైనస్, సగం అంగడి మైనస్. తప్పు మిషన్‌ది కాదు. అమ్మిన ప్రతి సీసా రాసుకుంది, లోపలికి వచ్చిన సీసాల సంగతి మాత్రం దానికి ఎవరూ చెప్పలేదు. ఏజెంటు తెచ్చిన బిల్లులన్నీ మేకుకు గుచ్చి పెట్టాం తప్ప ఒక్కటీ ఎక్కించలేదు. అంత డబ్బు పోసి మేము కొన్నది లెక్కలు కూడే మిషన్ మాత్రమే అని ఆ రాత్రి అర్థమైంది.

అందుకే అంటున్నా, నువ్వు కొనాల్సింది బిల్లు కొట్టే వస్తువు కాదు. సరుకు లోపలికి వచ్చేటప్పుడు రాసుకునే పద్ధతి ముందు రావాలి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఆ పని నీ అంగట్లో, నీ మనుషుల చేతిలో ఎంత సులువుగా జరుగుతుందో అదొక్కటి చూసి ఎంచుకో. బిల్లు కొట్టడం అన్నిట్లోనూ వస్తుంది, ఉచితంగా ఇచ్చేవాటిలో కూడా వస్తుంది.

మా అంగట్లో ఇప్పుడున్న నియమం ఒకటే: బిల్లు ఎక్కకుండా సరుకు అలమారా ఎక్కదు. డిస్ట్రిబ్యూటర్ల ఆటోలు పదకొండు గంటలకు మొదలవుతాయి. అట్టపెట్టెలు వచ్చి గుమ్మం పక్కన పడతాయి. బిల్లు సిస్టమ్‌లో ఎక్కించాక పెట్టె మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో టిక్కు కొడతా. టిక్కు లేని పెట్టె విప్పకూడదని మా దగ్గర పనిచేసే కుర్రాడికి తెలుసు. గిరాకీ ఎంత ఉన్నా అంతే. మొదటి నెల విసుగ్గా ఉంటుంది, తర్వాత ఒక బిల్లుకు అయిదారు నిమిషాలు పడుతుంది.

కాబట్టి ఆ మిషన్ అమ్మే ఆయన్ని మళ్ళీ పిలిచి, ఆయన డెమో ఆయన్ని చెయ్యనివ్వకు. నీ దగ్గరున్న కొనుగోలు బిల్లులు మూడు తీసి పెట్టు. ఒకటి డజనుకు ఒకటి ఫ్రీ అని స్కీము ఉన్న బిల్లు. అందులో 12 కొంటే 13 వస్తాయి, డబ్బు 12కే, మరి ఒక్కోటి ఎంతకు పడిందో సాఫ్ట్‌వేర్ సరిగ్గా చెప్పాలి. ఇంకోటి పాత ఎంఆర్‌పీ, కొత్త ఎంఆర్‌పీ రెండూ ఉన్న సరుకు బిల్లు. బార్‌కోడ్ అదే ఉంటుంది, రేటు మారుతుంది, స్కాన్ చెయ్యగానే రెండు రేట్లూ చూపించి ఏది అని అడగాలి. అలా అడగని సాఫ్ట్‌వేర్‌తో రోజూ గొడవే, పాత ధర అచ్చయిన ప్యాకెట్‌కు కొత్త ధర వేస్తే కొనేవాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. మూడోది బియ్యం, పప్పుల మూటల బిల్లు. ఈ మూడూ మరదలి చేత ఎక్కించు, నువ్వు గానీ ఆయన గానీ మౌస్ ముట్టుకోవద్దు. కౌంటర్లో ఉండేది తను కదా. 20 వరుసల బిల్లు రెండోసారికి పది నిమిషాల్లో ఎక్కించగలిగితే ఆ సాఫ్ట్‌వేర్ మీకు సరిపోతుంది.

మూటల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మన కిరాణాల్లో లెక్క తప్పేది ఇక్కడే. కందిపప్పు మూటల్లో వస్తుంది, పావుకిలో, అర్ధకిలోల్లో పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో కొనే యూనిట్ మూట, అమ్మే యూనిట్ కిలో అని రెండూ పెట్టుకునే వీలుండాలి. అంతకంటే పెద్ద పరీక్ష ఇంకోటి ఉంది. మన దగ్గర ‘పది రూపాయల జీలకర్ర ఇవ్వక్కా’ అంటారు, ఎవరూ ఇన్ని గ్రాములు అని అడగరు. 10 అని రూపాయలు కొడితే తూకం అదే లెక్కగట్టుకుని స్టాకులోంచి తీసెయ్యాలి. చాలావాటిలో ఇది ఉంటుంది గానీ ఎక్కడో లోపల ఉంటుంది, అమ్మేవాళ్ళకే తెలియదు, అడిగి చూపించమను. తరుగు రాసుకునే చోటు కూడా ఉండాలి. 50 కిలోల మూట పొట్లాలు కట్టి అమ్మితే సరిగ్గా 50 రాదు, కాటా మీద చెయ్యి కొంచెం ఉదారంగా ఉంటుంది కదా. నీకు పూజ సామాను కూడా ఉందన్నావు, కర్పూరం విడిగా అమ్మితే అది ఆవిరైపోతూ ఉంటుంది, డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే నెలలోనే తూకంలో తేడా తెలుస్తుంది. తరుగు రాయకపోతే ఆ తేడాకు పనివాళ్ళ మీద అనుమానం పోతుంది. మా అంగట్లో ఒకసారి అట్లాగే ఒక మంచి కుర్రాడిని మాట అన్నాం, ఇప్పటికీ బాధే నాకు.

పేర్లు ఎక్కించేటప్పుడు జాగ్రత్త. మా దగ్గర కందిపప్పు ఒకచోట కందిపప్పు, ఒకచోట తూర్ దాల్, ఇంకోచోట పప్పు కంది అని మూడు ఐటమ్‌లు తయారయ్యాయి, స్టాకు మూడు ముక్కలయింది. ఒక్క మనిషే పేర్లు పెట్టాలి, ఒక్క పద్ధతిలో పెట్టాలి: ముందు సరుకు, తర్వాత కంపెనీ, తర్వాత సైజు. మీ కుర్రాడికి ఇంగ్లిష్ చదవడం రాదని రాశావు, అది పెద్ద సమస్యే కాదు. విడి సరుకులకు అంకెలు పెట్టు. మా దగ్గర 11 అంటే కందిపప్పు, 12 పెసరపప్పు, 13 మినప్పప్పు, 21 జీలకర్ర. డబ్బాల మీద పెద్ద అంకెలతో స్టిక్కర్లు అంటించాం. వారం తిరక్కుండా ఆ కుర్రాడు నాకంటే వేగంగా బిల్లు కొట్టాడు. ప్యాకెట్ సరుక్కి ఎలాగూ బార్‌కోడ్ ఉంటుంది, మన దేశంలో కోడ్ తీసుకున్న కంపెనీలవి 890తో మొదలవుతాయి, వాటిని చేత్తో కొట్టే పనే లేదు. మొత్తం ఒకేసారి ఎక్కించాలని కూర్చోకు. ఎక్కువ తిరిగే 200 రకాలు ముందు ఎక్కించు, మిగతావి కొత్త బిల్లు వచ్చినప్పుడల్లా ఎక్కుతాయి.

ఇంటర్నెట్ విషయం మీ ఊరికి మరీ ముఖ్యం. అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలు, పంచమి తీర్థం రోజు తిరుచానూరులో జనం ఎట్లా ఉంటారో నీకు చెప్పక్కర్లేదు. అంతమంది ఒకేచోట చేరితే ఫోన్ సిగ్నల్ ఉన్నట్టే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. నెట్ ఉంటేనే తెరుచుకునే సాఫ్ట్‌వేర్ అయితే ఏడాదిలో ఎక్కువ గిరాకీ ఉన్న రోజే చేతులు కట్టుకుని కూర్చోవాలి. మాకు గరుడ సేవ రోజు అలాగే అయింది, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా చీటీల మీద రాసుకుని, తర్వాత రెండు రోజులు వాటిని ఎక్కించాం, సగం చీటీలు దొరకనే లేదు. నెట్ లేకపోయినా బిల్లు కొట్టాలి, నెట్ వచ్చాక అదే కలుపుకోవాలి. డెమోలో వైఫై తీసేసి, మొబైల్ డేటా ఆపేసి, అయిదు బిల్లులు కొట్టించి చూడు. మాటలతో నమ్మొద్దు.

మిషన్ల మాటకొస్తే, టచ్ స్క్రీన్ నీకు అవసరం లేదు. అది హోటళ్ళకు బాగుంటుంది, ఇడ్లీ, దోసె అని 60 బొమ్మలు నొక్కితే అయిపోతుంది. హోటళ్ళ కోసమే చేసిన పెట్‌పూజా లాంటి సాఫ్ట్‌వేర్లు కూడా టేబుళ్ళు, వంటగది ఆర్డర్ల చుట్టూ తయారైనవి, కిరాణాకు వేరే చూడాలి. మనకు కీబోర్డు, స్కానర్ ఉంటే వేగం. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే దాంతోనే మొదలుపెట్టు. స్కానర్ మాత్రం 2డీ రకం తీసుకో, నలిగిన కవర్ మీది బార్‌కోడ్‌నూ, క్యూఆర్ కోడ్‌నూ చదువుతుంది. ప్రింటర్ 2 అంగుళాలదా, 3 అంగుళాలదా అంటే నేను 3 అంగుళాలదే అంటా, సరుకు పేరు, ఎంఆర్‌పీ, మన ధర ఒకే వరుసలో పడతాయి. తెలుగులో బిల్లు కావాలంటే కొనేముందు నీ ఎదుటే ‘శ్రీ పద్మావతి స్టోర్స్’ లాంటిది ఒకటి అచ్చు వేయించు. కొన్ని ప్రింటర్లలో ఒత్తులు విడిపోతాయి, కొన్నిటిలో డబ్బాలే పడతాయి. బొమ్మలాగా పంపి అచ్చు వేసేవాటిలో తెలుగు బాగా వస్తుంది గానీ కొంచెం నెమ్మది. మన దగ్గరికి తమిళం వాళ్ళు, కన్నడం వాళ్ళు కూడా వస్తారు, వాళ్ళకు మొత్తం అంకె పెద్దగా కనిపిస్తే చాలు.

ఆ థర్మల్ కాగితం ఎండకు, వేడికి తెల్లబడిపోతుంది. బిల్లు నకళ్ళు పెట్టెలో దాచుకుంటే సరిపోతుందనుకోవద్దు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు లెక్కలు దాచాలి, ఆ కాగితం అన్నాళ్ళు ఉండదు. రోజూ రాత్రి బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో ఒకటి, నెట్‌లో ఒకటి పెట్టుకో. సిస్టమ్‌కు చిన్న యూపీఎస్ తప్పనిసరి, కరెంటు పోయినప్పుడు సగం ఎక్కిన బిల్లు పాడైతే స్టాకు మళ్ళీ తప్పుతుంది. కాటాకు ఏటా తూనికల శాఖ ముద్ర వేయించడం మర్చిపోవద్దు, సిస్టమ్‌కు కలిపేదైనా సరే.

ఇప్పుడు పన్ను. నీకు రిజిస్ట్రేషన్ లేదన్నావు. నెలకు 3 లక్షలంటే ఏడాదికి 36 లక్షలు. సరుకు అమ్మేవాళ్ళకు మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యే గీత ఏడాదికి 40 లక్షలు, ఆ మొత్తంలో పన్ను లేని సరుకుల అమ్మకం కూడా కలుస్తుంది. ఒక్క కార్తీక మాసం బాగా జరిగితే నువ్వు దాటిపోతావు. దాటావని నీకు తెలియాలన్నా అమ్మకం లెక్క ఉండాలి కదా. ఇంకో మాట, చెన్నై నుంచి భక్తులు ఫోన్ చేసి పూజ సామాను కొరియర్‌లో పంపమని అడుగుతుంటారు. పన్ను ఉన్న సరుకు వేరే రాష్ట్రానికి అట్లా పంపితే 40 లక్షల మాట వర్తించదు, ముందే రిజిస్ట్రేషన్ ఉండాలి. అదే మనిషి మన అంగడికి వచ్చి చేతిలో తీసుకెళ్తే, బిల్లులో అడ్రసు రాయకపోతే అది మన రాష్ట్రంలో అమ్మకమే.

రిజిస్ట్రేషన్ తీసుకున్నాక కోటిన్నర లోపు వాళ్ళకు కాంపోజిషన్ అని ఒక దారి ఉంది. వ్యాపారులకు పన్ను ఉన్న సరుకు అమ్మకం మీద 1 శాతం, కొనేవాళ్ళ దగ్గర పన్ను విడిగా వసూలు చెయ్యకూడదు, వేరే రాష్ట్రానికి పంపకూడదు, ఇచ్చేది పన్ను విడిగా చూపించే ట్యాక్స్ ఇన్వాయిస్ కాదు, పన్ను చూపించని బిల్ ఆఫ్ సప్లై. సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండు రకాల బిల్లులూ ఉన్నాయా, ఒకదాని నుంచి ఇంకోదానికి మారొచ్చా అని ఇప్పుడే అడుగు. నీకు ఏది మేలో మీ ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకో, కొరియర్ సంగతి మాత్రం ఆయనకు తప్పకుండా చెప్పు.

పన్ను రేట్లు ఒక్కో సరుకుకు ఒక్కోలా ఉంటాయి, ఒకే అలమారాలో కుంకుమకు పన్ను లేదు, పక్కనున్న అగరబత్తికి 5 శాతం. బియ్యమైతే ఇంకా చిత్రం. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా లేబుల్ ఉన్న ప్యాకెట్‌కు 5 శాతం, విడిగా కొలిచి ఇచ్చేదానికి లేదు. 26 కిలోల సంచులు మార్కెట్లోకి ఎందుకొచ్చాయో ఇప్పుడు తెలిసిందిగా. కాబట్టి అదే సోనామసూరి నీ సిస్టమ్‌లో విడిది ఒక ఐటమ్, ప్యాకెట్ ఒక ఐటమ్‌గా ఉండాలి.

రేట్లు మారినప్పుడు ఒక్కసారే చాలా ఐటమ్‌లు మార్చగలగాలి. 2025 సెప్టెంబర్ 22న 12, 28 శాతాలు తీసేసి చాలావాటిని 5కీ 18కీ తెచ్చారు కదా. ఒంటి సబ్బు, షాంపూ, తలనూనె, టూత్‌పేస్ట్ 18 నుంచి 5కి దిగాయి, బట్టలు ఉతికే పొడి మాత్రం 18లోనే ఉంది. అప్పుడు స్వామివారి బ్రహ్మోత్సవాలు 24న మొదలు, ఊరంతా జనం. మేము 21 రాత్రి అంగడి మూశాక కూర్చున్నాం. సరుకుల్ని ముందే గ్రూపులుగా పెట్టుకున్నాం కాబట్టి సబ్బుల గ్రూపు మొత్తానికి ఒక్కసారి రేటు మార్చాం, షాంపూలకు ఒక్కసారి, అట్లా ఒంటిగంటకల్లా అయిపోయింది. మా పక్క వీధిలో ఒకాయన ఒక్కో ఐటమ్ తెరిచి మార్చుకుంటూ మూడు రోజులు నిద్ర లేకుండా పోయాడు. గ్రూపుల అవసరం అప్పుడు తెలుస్తుంది, పెట్టుకోవాల్సింది మాత్రం మొదటి రోజే.

డబ్బు లెక్కకు వస్తా. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా చేసే యూపీఐకి 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర చార్జీ లేదు, సౌండ్ బాక్సుకు అద్దె ఉంటే అది వేరు. స్క్రీన్ మీద గానీ బిల్లు మీద గానీ మొత్తంతో కూడిన క్యూఆర్ వచ్చేలా పెట్టుకుంటే 460కి 46 కొట్టే గొడవ ఉండదు. ఫోన్ చూపించి పంపించేశాం అంటే నమ్మకు, బాక్సు పలకాలి. ప్రతి బిల్లుకూ నగదా, యూపీఐయా, అరువా అని తప్పకుండా నొక్కాలి. ఈ ఒక్క నొక్కు బద్ధకిస్తే రాత్రి గల్లా పెట్టె లెక్క ఎప్పటికీ తేలదు.

మొన్న నాకు 340 ఎక్కువ వచ్చింది. తక్కువ వస్తే ఎంత బాధో, ఎక్కువ వచ్చినా అంతే బాధ నాకు, ఎవరి దగ్గరో ఎక్కువ తీసుకున్నామా అని. బిల్లులన్నీ చూశా, సరిపోయాయి. చివరికి మా కుర్రాడే గుర్తుచేశాడు, సాయంత్రం పూలమ్మే ఆమె పాత బాకీ 340 కట్టి వెళ్ళింది, డబ్బు గల్లాలో వేశాడు, బాకీలో తీసెయ్యలేదు. ఆ రాత్రి పట్టుకోకపోతే వచ్చే నెల ఆమెను మళ్ళీ అడిగేవాళ్ళం. అరువు ఇచ్చే అంగడికి ఇది ప్రాణం. బాకీ కట్టినప్పుడు రసీదు వచ్చే సాఫ్ట్‌వేర్ తీసుకో, ఆమె ముందే కొట్టి చేతిలో పెట్టాలి.

బిల్లు తీసేసే అధికారం అందరికీ ఇవ్వకు. కుర్రాడికి వేరే పాస్‌వర్డ్, మరదలికి వేరేది, తీసేసిన బిల్లులు ఎవరు ఎప్పుడు తీశారో కనిపించాలి. ఇది నమ్మకం లేక చేసేది కాదు, పైన చెప్పినట్టు అనవసరంగా ఒకరిని అనకుండా ఉండటానికి.

ఇక ఏ సాఫ్ట్‌వేర్ అంటే, ట్యాలీ, మార్గ్, వ్యాపార్ అన్నీ మన ఊళ్ళో వాడేవాళ్ళు ఉన్నారు, మందుల అంగళ్ళలో మార్గ్ ఎక్కువ చూస్తావు. పేరు చూసి తీసుకోకు, నీ పక్కన పది అంగళ్ళలో ఏది వాడుతున్నారో, పాడైతే లీలామహల్ సర్కిల్ నుంచో రేణిగుంట నుంచో గంటలో మనిషి వస్తాడా అన్నది చూడు. రెండో ఏడాది రెన్యువల్ ఎంతో కాగితం మీద రాయించుకో. కట్టకపోతే పాత లెక్కలు కనిపిస్తాయా, ఐటమ్‌లు, బాకీలు, బిల్లులు మొత్తం ఎక్సెల్‌లోకి తీసుకోవచ్చా అని అడిగి, డెమోలోనే తీయించి చూడు. మా మొదటి మిషన్‌లో అది లేదు, రెండేళ్ళ లెక్క అందులోనే పోయింది, 1,100 ఐటమ్‌లు మళ్ళీ చేత్తో ఎక్కించాం.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది, ఏ సాఫ్ట్‌వేర్ అయినా నెల రోజులు ట్రయల్ పాత ల్యాప్‌టాప్‌లో పెట్టు. ప్రింటర్, స్కానర్, యూపీఎస్ మాత్రం కొనుక్కో, సాఫ్ట్‌వేర్ మారినా అవి పనికొస్తాయి. ఆ నెల నోటు పుస్తకం ఆపకు, రెండూ నడవాలి. నెలాఖర్న ఒక ఆదివారం రాత్రి ఎక్కువ తిరిగే 20 సరుకులు చేత్తో లెక్కపెట్టి స్క్రీన్‌తో పోల్చు. 20లో 17, 18 సరిపోయాయంటే డబ్బు కట్టు. సరిపోకపోతే ఇంకో నెల ఎర్ర టిక్కు సంగతి చూడు, అప్పుడు కట్టు. మా ఐటమ్‌ల ఎక్సెల్ ఫైలు నా దగ్గర ఉంది, గ్రూపులు, అంకెలతో సహా, రేట్లు తీసేసి పంపిస్తా, పూజ సామాను పేర్లన్నీ మళ్ళీ కొట్టుకునే శ్రమ నీకు తప్పుతుంది.